నక్షత్రం గడకు కట్టిన తీగ

మా పక్కింటాయన మొన్న గుడివాడ వెళ్ళి ట్రాన్సిస్టర్ రేడియో కొనుక్కొచ్చాడు. అప్పటినుంచి దాన్ని చంకలో పెట్టుకుని నూతి దగ్గరికీ, దొడ్లోకీ కూడా తీసుకెళ్తున్నాడు. "చూశారా, తీగా లేదు, గడా లేదు" అని నాకు తిప్పి తిప్పి చూపించాడు. బాగుందండీ అన్నాను. తీగా, గడా అనేసరికి నాకు మా బావ గుర్తొచ్చాడు.

బందరులో మా అక్కాబావల ఇంటి పెరడు ఎంతుండేదంటే, అందులో ఇద్దరు పోట్లాడుకోవాలంటే ఒకరు వీధిలోకి వెళ్ళి తిట్టాల్సిందే. ఆ పెరట్లో మా బావ రాగితీగ కట్టాడు. యుద్ధంలో వైర్‌లెస్ మీద పనిచేసి వచ్చిన మనిషి. సర్కారు నుంచి లైసెన్సు తెప్పించుకుని, సొంతంగా బిగించుకున్న యంత్రం మీద సాయంత్రాలు టకటకలాడిస్తూ దేశదేశాల వాళ్ళతో మాట్లాడేవాడు. తీగేమో పెరడు కంటే పొడుగు. అందుకని వెదురు గడ నుంచి బయల్దేరి, నూతి గిలక స్తంభం దగ్గర మలుపు తిరిగి, మునగచెట్టు దగ్గర ఆగేది. కరెంటు చెట్టులోకి దిగకుండా కొసలకి పగిలిన సోడాబుడ్ల మెడలు కట్టాడు. మునగకొమ్మ సంగతి తెలిసిందేగా, గాలి కాస్త విసురుగా వీస్తే ఫట్టున విరిగేది. ఆ పూట మాకు మునక్కాడల పులుసు, బావకి మౌనవ్రతం. ఆ తీగకి చెవి ఆనిస్తే నాగాయలంక రేవులో పీతలు నడిచే చప్పుడు వినపడుతుందని నేను ఊరంతా చెప్పాను. బందరు వాళ్ళు నమ్మలేదు గాని, గూడూరు నుంచి ఇద్దరు పెద్దమనుషులు బండి కట్టుకుని వచ్చారు.

ఇక ఆ గడ. క్రిస్మస్ ముందు మా పేటలో ఇంటింటా పొడుగాటి వెదురు పాతి, కొసన రంగుకాగితాల నక్షత్రం కట్టి, లోపల దీపం పెడతారు. పండగ వెళ్ళగానే అందరూ గడ దించేస్తారు. మా బావ దించేవాడు కాదు, ఏడాది పొడుగునా తీగకి వాడుకునేవాడు. ఎవరైనా అడిగితే అక్క, "మా ఇంటికొచ్చిన పండగ వెళ్ళదండీ, కూర్చునే ఉంటుంది" అనేది.

బావకి సిలోనులో ఒక స్నేహితుడుండేవాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఉన్నదల్లా ఆ చుక్కలూ గీతల భాషే. సందెదీపం వేళకి ఆయన పిలిచేవాడు. అక్క వంటింట్లోంచి, "ఏవండీ, వాళ్ళింట్లో ఇవాళేం కూరో అడగండి" అనేది. బావ గంభీరంగా అడిగేవాడు. వచ్చిన జవాబు బావ చెబితే అక్క, "మళ్ళీ పప్పేనా, పాపం. వాళ్ళావిడకి ఒంట్లో బాగుందో లేదో కనుక్కోండి" అనేది. రానురాను ఆ సిలోను ఆయన మొదట అక్క క్షేమం అడిగాకే బావతో మాట్లాడేవాడు.

ఒక నవంబరు చివర అక్క జ్వరంతో పడుకుంది. మళ్ళీ లేవలేదు. సమాధుల తోట నుంచి వచ్చాక చర్చి సంఘం వాళ్ళు గడ దించి గోడవార పడుకోబెట్టారు. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు నక్షత్రం కట్టరు. గడతో పాటు తీగా నేలకొచ్చింది. బావ ఏడవలేదు. వచ్చినవాళ్ళందరికీ కుర్చీలు వేశాడు, మజ్జిగ ఇచ్చాడు.

కొన్నాళ్ళకి నేను వెళ్ళేసరికి ఒక్కడే గడ లేపుతున్నాడు. పెరటి గుమ్మంలోంచే అరిచాను.

"అక్క పోయి నెలన్నా కాలేదు బావా. అప్పుడే నక్షత్రం కడుతున్నారా?"

వీధిలోంచి గడ చూసి సంఘపెద్దగారు కూడా వచ్చారు. "ఇదేం పనండీ? నలుగురూ ఏమనుకుంటారు?"

బావ గడ భుజాన మోస్తూనే అన్నాడు. "నక్షత్రం కాదండీ, తీగ. సిలోనులో ఆయన రోజూ పిలుస్తూ ఉంటాడు. ఈవిడ లేదని ఆయనకి తెలియదు."

"ఓ ఉత్తరం ముక్క రాస్తే పోయేదిగా?"

"రాద్దామనే కూర్చున్నానండీ. కానీ ఆ మాట వినేటప్పుడు ఆయన దగ్గర నేనుండాలి గదా."

   పెద్దాయన చెప్పులు విడిచి, తాడు అందుకున్నారు. "చూస్తావేంటయ్యా, ఆ మొదలు పట్టు" అని నన్ను కసిరారు. ముగ్గురం కలిసి లేపాం.

సందెవేళ బావ యంత్రం ముందు కూర్చున్నాడు. నేను పెరటి అరుగు మీద కూర్చున్నాను. బావ పిలవగానే అవతలి నుంచి జవాబొచ్చింది. బావ చెయ్యి కాసేపు ఆడి, ఆగింది. "చెప్పేశానురా" అన్నాడు. అవతల ఏమీ లేదు, హోరు తప్ప. చాలాసేపటికి మెల్లగా టకటక మొదలైంది.

"ఏమంటున్నాడు బావా?"

"ఉన్నాను, అంటున్నాడు."

మళ్ళీ అదే చప్పుడు. మళ్ళీ అదే. బావ బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. ఆయన ఏడుస్తున్నంతసేపూ అవతలి మనిషి ఆ ఒక్క మాటే పంపుతూ కూర్చున్నాడు.

ఇక్కడ మీట నొక్కితే సిలోను చేరడానికి రెప్పపాటు కూడా పట్టదంటారు. అక్క లేదన్న మాట, పక్కనే అరుగు మీద కూర్చున్న నాకు చేరడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. ఇంకా కొంత దారిలోనే ఉందేమో.