ఛాతి నాకు, చెయ్యి కోడలికి

ఈ సంగతి ముందే రాయవలసింది. రాయలేకపోయాను. అక్షరాలు నాకు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి, అంతవరకు పొదుపు సంఘం కాగితాల మీద వేలిముద్రే. మా ఊరి బడి వరండాలో ఒక టీచరమ్మ సాయంత్రం పూట మా పదిమంది ఆడవాళ్లను కూర్చోబెట్టి నేర్పింది. వచ్చాక బస్సు బోర్డులు చదివాను, మందు డబ్బాల మీది పేర్లు చదివాను. ఇది మాత్రం రాయలేదు. రాస్తే ఇంట్లో ఎవరైనా చదువుతారని భయం. ఇప్పుడా భయం లేదు.

మా ఊరు బాన్సువాడకు దగ్గరే, కాలువ కింద వరి పండుతుంది. నాట్ల రోజు ఉదయం మా ఆయన మంచం మీద కూర్చొని, "ఛాతిల మంటగ ఉన్నదే," అన్నాడు. అవతల పన్నెండు మంది కూలి ఆడవాళ్లు ఆటోలో బయలుదేరారు. పీకిన నారు కట్టలు కట్టి ఉంది. వాము, ఉప్పు నలిపి ఆయన చేతిలో పెట్టాను.

"గ్యాసే. పచ్చిమిరప తొక్కు గంత తినకంటే విన్నవా? నువ్వు ఒడ్డు మీద నిలవడకుంటే వాళ్లు ముచ్చట్లు వెట్టుకుంట కూసుంటరు. పో," అన్నాను.

పోయాడు. పొద్దెక్కాక పొలం ఒడ్డు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

పదో రోజు దాకా వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "రోగం లేదు, నొప్పి లేదు, పువ్వు రాలినట్టు పోయిండు." నేను తలూపాను. ఒకసారి తలూపాక ఇక నిజం చెప్పడానికి జాగా దొరకలేదు. కొడుక్కు తెలిస్తే నా ముఖం చూడడనుకున్నాను. అన్నం దిగేది కాదు. కోడలు కూడా మారింది. పళ్లెం నా ముందు పెట్టి, తల ఎత్తకుండా వెళ్లిపోయేది. ఎట్లనో దానికి తెలిసిపోయిందనుకున్నాను. రెండేళ్లు ఇట్లాగే గడిచాయి.

చివరికి కోడలే నన్ను బాన్సువాడలో దవాఖానకు తీసుకుపోయింది. పరీక్షలన్నీ చేసి, ఒంట్లో ఏమీ లేదని చెప్పి మేడ మీది గదికి పంపారు. అక్కడ ఒక మేడం వారానికొకసారి వచ్చి, ఇంట్లో మనిషి పోయినవాళ్లతో, కాలో చెయ్యో పడిపోయి పని మానుకున్నవాళ్లతో మాట్లాడుతుంది.

వరండాలో పిట్లం నుంచి వచ్చిన పెద్దాయన ఉన్నాడు. ఆయనకు భార్య పోయింది.

"గిక్కడ సూది లేదు, గోలి లేదు, ఉట్టిగ మాట్లాడుతరు అక్కా. మీ ఆడోళ్లకైతే ఫ్రీ బస్సు. నేను కిరాయి పెట్టుకొని అచ్చి నా ముచ్చట నేనే చెప్పాలె."

"చెప్తున్నవా మరి?"

"నెల సంది చెప్తున్న. ఆమెకు ఇసుగు రాదు, నా ముచ్చట ఒడువదు."

నవ్వు వచ్చింది. నేను నవ్వడం చూసి కోడలు ముఖం పక్కకు తిప్పుకుంది.

మొదటి రెండు వారాలు మేడంకు వడ్ల గురించి, మోకాళ్ల గురించి చెప్పాను. మూడో వారం ఆమె అడిగింది: "ఆ రోజు పొద్దున ఏం జరిగిందో చెప్తారా అమ్మా? మీ కోడల్ని బయట కూర్చోమందామా?"

"ఉండనీయుండ్రి," అన్నాను. ఒక్కసారి నోరు తెరిస్తే మళ్లీ తెరవగలనో లేదో. కోడలు వింటే కొడుక్కు చేరుతుంది, ఏమైతే అదైందనుకున్నాను. మంట అన్న మాట, వాము, "పో" అన్న మాట, అన్నీ చెప్పి కళ్లు మూసుకున్నాను. కోడలు తిడుతుందని ఎదురుచూశాను.

"అత్తమ్మా," అంది కోడలు. "మామ నాకు ముందురోజే చెప్పిండు."

"ఏం చెప్పిండు?"

"ఎడమ చెయ్యి గుంజుతుందన్నడు. భుజం కాడికెళ్లి వేళ్ల దాక. నేను బామ్ రాసిన. మీ అత్తకు చెప్పకు బిడ్డా, నాట్లు ఆపి దవాఖానకు గుంజుకపోతది అన్నడు. నేను చెప్పలే."

ఫ్యాను తిరుగుతోంది కానీ చప్పుడు వినిపించడం లేదు. ఛాతి సంగతి నాకు చెప్పాడు, చెయ్యి సంగతి దానికి చెప్పాడు. రెండూ ఒక్కరు విని ఉంటే చదువు రానివాళ్లకైనా గుండెనొప్పని అర్థమయ్యేది. దానికంటే లోతుగా దిగింది ఇంకో మాట. నాట్లు ఆపుతానని ఆయన నమ్మాడు. నేను ఆపలేదు.

నాకు దాని మీద జాలి రాలేదు. చెంప మీద కొట్టాలనిపించింది. "రెండేండ్లు నన్ను చూసుకుంట ఎట్ల ఊకున్నవే?" అన్నాను.

"మీరు చెప్పిండ్రా?" అంది. "మీరు తినకుంటుంటే, నా వల్లనే మామ పోయిండని మీకు తెలిసిందనుకున్న."

మేడం కలం కింద పెట్టేసింది. "ఆయన బతికేవాడా అని నన్నడగకండి, నాకు తెలియదు," అంది. "ఆయన ఎవరికి ఎంత చెప్పాలో ఆయనే అనుకుని చెప్పాడు. అది మీరిద్దరు చేసింది కాదు."

మెట్ల దగ్గర కోడలు నా చెయ్యి పట్టుకుంది. "మీ కొడుక్కు మాత్రం చెప్పకుండ్రి అత్తమ్మా. నన్ను ఇంట్ల ఉండనియ్యడు." నేను మెట్లు దిగాను. బస్సులో అది ముందు సీట్లో, నేను వెనక సీట్లో కూర్చున్నాం.

మరునాడు పొద్దున కొడుకు చాయ తాగి, పొలానికి బయలుదేరబోతూ చెప్పుల కోసం వెతుకుతున్నాడు. కూర్చోమన్నాను. కోడలు పొయ్యి దగ్గర కదలకుండా నిలబడిపోయింది.

"మీ నాయన ఆ పొద్దు నాకు ఛాతిల మంట అన్నడు. నేనే పొమ్మన్న," అన్నాను.

కోడలి సంగతి నేను ఎత్తలేదు. చెప్పాలో వద్దో దాని ఇష్టం. నేను మాత్రం అక్కడి నుంచి లేవలేదు, కొడుకు ఏమంటే అది విందామని వాడి ఎదురుగానే కూర్చున్నాను.