హద్దురాయి దాటిన కసువు

మా మేస్త్రి పోయాడు. పోయిన మంగళవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి వచ్చిన బస్సు మా ఆఫీసు ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "సామీ, మీ మేస్త్రి నిన్న సాయంత్రం పోయినాడు. చేని గట్టున కూసోనుండి అట్లే ఒరిగినాడంట. మాపటికి మట్టి చేస్తారు. వస్తారా?" అన్నాడు. తిరుగు బస్సులో ఎక్కి కూర్చున్నాక గానీ సెలవు చీటీ రాయలేదని గుర్తు రాలేదు. ఇన్నేళ్ల నౌకరీలో చీటీ రాయకుండా గడప దాటడం నాకు అదే మొదలు.

ఆయన ఎవరో చెప్పాలి. నంద్యాల వీధులు ఊడ్చేవాళ్ల మీద మేస్త్రి. ఊరు ఆళ్లగడ్డ, క్రైస్తవుల ఇల్లు. నేను అదే మునిసిపల్ ఆఫీసులో రికార్డు గుమాస్తాను. మాది అహోబిలంలో తరతరాలుగా పూజలు చేసిన ఇల్లు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత మా ఇంటివాళ్లను చూసే పుట్టి ఉంటుందని మేస్త్రి నా మొహం మీదే ఎగతాళి చేసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నేను నువ్వనేవాణ్ని, ఆయన మీరనేవాడు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

భుజం మీద తువ్వాలు ఉండేది, కాళ్లకు చెప్పులు ఉండేవి కావు. ప్రతి వీధి మొదట్లో ఊడ్చిన కసువు గంప దగ్గర వంగి, మనం పేపరు చదివినట్టు చదివేవాడు. యుద్ధం రోజుల్లో, గింజలు దొరకని కాలంలో, ఒకసారి నా ముందే ఒక గంపను కాలితో కదిపి, "ఈ వరసలో మూడో ఇంట్లోనుంచి గుమ్మడికాయ తొక్కు గూడ బయటికి రాల్యా సామీ. తొక్కే కూర చేసుకున్నారు" అన్నాడు. సాయంత్రానికి ఆ ఇంటికి ఎవరో మానెడు జొన్నలు ఇచ్చి పోయారని విన్నాను. ఎవరిచ్చారని అడిగితే, "నాకేం తెలుసు? నేను కసువు సూసేటోన్ని" అన్నాడు.

మా ఇద్దరికీ తగువు తెచ్చింది ఒక రూలు. మా నాయన చిన్నతనంలో ప్లేగు వచ్చినప్పుడు పెట్టింది. ఊరి కసువంతా ఊరి బయట హద్దురాయి దగ్గర పోసి కాల్చాలి. ఒక్క గంప కూడా ఆ రాయి దాటి పొలాలకు పోకూడదు. ఆ రోజులకు అది మంచి రూలే, ఎంతమంది ప్రాణాలు కాపాడిందో. ప్లేగు పోయింది. రూలు మాత్రం పోలేదు. ఊరు పెరిగి రాయిని దాటింది. రాయి చుట్టూ ఊడ్చేవాళ్లూ, పత్తి మిల్లు కూలీలూ గుడిసెలు వేసుకుని అదొక పేట అయింది. మేము మాత్రం రోజూ మధ్యాహ్నం ఆ పేట నడుమ కసువు పోసి నిప్పు పెట్టిస్తూనే ఉన్నాము. అట్లా కాల్చాలని ఆఫీసు గోడకు బోర్డు ఉంది. బోర్డు ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

దొర్నిపాడు, గడివేముల బండ్లు నంద్యాలలో వడ్లూ శెనక్కాయలూ దించి ఉత్తగా వెనక్కి పోయేవి. అవతల ఎరువు లేక చేలు ఎండుతున్నాయి. మేస్త్రి ఆ ఉత్త బండ్లను పిలిచి కసువు ఎత్తించడం మొదలుపెట్టాడు. నేను కనిపెట్టి, రూలు చదివి వినిపించాను. ఆయన నవ్వాడు.

"చేను పెట్టిందాన్ని ఊరు తింటాది. ఊరు పారేసిందాన్ని చేను తింటాది. నడాన మీ రూలేం తింటాది సామీ?"

నాకు కోపం వచ్చింది. సంజాయిషీ నోటీసు రాసి, పై అధికారి చేత సంతకం పెట్టించాను. బంట్రోతు జ్వరంతో రాకపోతే నేనే తీసుకుని, మేస్త్రి కాపురముండే ఆ పేటకు బయలుదేరాను. అన్నేళ్లలో ఆ పేటలో అడుగు పెట్టడం అదే మొదటిసారి.

వేళ చూసి పోయినట్టు సరిగ్గా మధ్యాహ్నం పోయాను. రాయి దగ్గర మంట, పేటంతా పొగ. మేస్త్రి భార్య గడపలో కూర్చుని, తడిబట్ట నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో సంగటి గెలుకుతోంది. ఆమెకు ఉబ్బసం. ఊపిరి లోపలికి పోతుంటే ఈల వేసినట్టు చప్పుడు. "ఏందీ సామీ, ఈడికొచ్చినారు?" అనడానికి మూడుసార్లు ఆగింది. నేను నోటీసు కాగితం ముందుకు చాపాను.

మేస్త్రి బయటికి వచ్చి నోటీసు అందుకున్నాడు, చదవలేదు. "దీనికి జవాబు తర్వాత చెప్తా. ముందు ఆ రూలు నాకు సూపించండి. బోర్డు కాదు, అసలుది. మా ఆడమనిషి ఊపిరి తీస్తాండే రూలు ఎట్లుంటాదో ఒక్కతూరి కండ్లతో సూడాల. ఆమె ఈ యేడు దాటుతాదని నాకు నమ్మకం ల్యా." అంతవరకూ నవ్వుతూ మాట్లాడిన మనిషి గొంతు ఆ మాట దగ్గర పగిలింది.

మర్నాటి నుంచి మూడు రోజులు రికార్డు గదిలో వెతికాను. దొరికింది. పైన అట్ట, కింద అట్ట, మధ్యలో చెదలు పెట్టిన ఎర్రమట్టి. ఆ గదికి కాపలా నేనే కాబట్టి ఎవరిని తిట్టాలో తెలియలేదు. నంబరూ లేదు, తేదీ లేదు. ఇన్నేళ్లుగా ఒక బోర్డును చూసి ఇంకో బోర్డు రాయించుకుంటూ వచ్చాము. పై అధికారికి చెప్పి, ఇక రద్దు చేయిద్దామంటే ఆయన కళ్లజోడు తీసి, "నంబరు లేని రూలును ఏ నంబరు వేసి రద్దు చేస్తావయ్యా?" అన్నాడు. రద్దయ్యేదాకా బోర్డే రూలట. నవ్వకండి, అప్పుడు ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది.

మేస్త్రికి అదే చెప్పాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, "పుట్టనోనికి తద్దినం పెట్టల్యామంటారు, అంతే గదా? అయితే ఒక్కతూరి పుట్టించండి. పొద్దున పుట్టించి పొద్దుగూకక ముందే పోగొట్టండి" అన్నాడు. తద్దినాల లెక్క మా ఇంట్లో పుట్టిన నాకు తట్టలేదు, ఆయనకు తట్టింది.

రెండు తీర్మానాలు రాసి కౌన్సిలు మీటింగులో పెట్టించాను. మొదటిది ఆ రూలును కొత్తగా పెట్టడం, రెండోది దాన్ని కొట్టేయడం. మీటింగు రోజు మేస్త్రి ఆళ్లగడ్డ పోయి, తమ్ముడి చేను గుంతలో మాగిన ఎరువు తువ్వాల్లో మూట కట్టి తెచ్చాడు. మన టౌను కసువే, ఏడాది కిందట బండ్లలో పోయింది. మూట నా బల్ల మీద విప్పి, "వాసన సూడండి సామీ" అన్నాడు. నేను కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని సిరాబుడ్డి దూరంగా జరిపాను. ఆయన మూట మళ్లీ కట్టేశాడు.

మొదటి తీర్మానానికి అందరూ చేతులెత్తారు. సరిగ్గా అప్పుడే హోటలు నుంచి కాఫీ వచ్చింది. మెంబర్లు లేచారు. కాఫీకి లేచిన మెంబర్లు మళ్లీ వచ్చి కూర్చున్న ఆనవాయితీ మా దగ్గర లేదు. చెదలు తిన్న రూలు నా చేతిరాతలో, కొత్త నంబరుతో బతికి కూర్చుంది. ఇక దాన్ని ఎవరు తీస్తారు?

మేస్త్రి వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో ఆ మూట. "పుట్టించినారు. పోగొట్టి పొండి."

"మేస్త్రీ, తప్పుకో!" అని చైర్మన్ అరిచాడు. నౌకరీ పోయే మాటే. ఆయన కదల్లేదు. వాళ్ల వైపు చూడలేదు, నా వైపు చూశాడు. ఆ చూపులో బతిమాలడం లేదు. ఆయన గడపలో విన్న ఆ ఈల చప్పుడు మళ్లీ నా చెవుల్లో పడింది. ఎవరూ అడగకుండానే లేచి రెండో తీర్మానం గట్టిగా చదివాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. మెంబర్లు విసుక్కుంటూ నిలబడే చేతులెత్తారు. కాఫీ చల్లారింది. నేను సంతకాల పుస్తకం పట్టుకుని దగ్గరికి పోతే మేస్త్రి మెల్లగా, "పూజారి గూడ వరమిచ్చినాడే!" అన్నాడు.

ఆ తర్వాత బండ్లు బాహాటంగానే ఎత్తుకుపోయాయి. రాయి మీద ఇప్పుడు మిరపకాయలు ఎండబోసుకుంటున్నారు. మేస్త్రి భార్య ఆ ఏడాది దాటింది, ఇంకో మూడేళ్లూ దాటింది. ఉబ్బసం పూర్తిగా పోలేదు గానీ ఈల తగ్గింది. నౌకరీ అయిపోయాక ఇద్దరూ ఆళ్లగడ్డ చేరారు. ఒకసారి రమ్మని కబురు మీద కబురు పెట్టాడు. రేపు, ఎల్లుండి అంటూ నేనే పోలేదు. ఆమె ముందు పోతుందేమోనని భయపడుతూ బతికిన మనిషి, తానే ముందు పోయాడు.

సమాధి తోటలో దొర్నిపాడు నుంచి వచ్చిన రైతులు వరుసగా నిలబడి ఉన్నారు. పాస్టరు ప్రార్థన చేశాక వాళ్ల ఆచారం ప్రకారం ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. మేస్త్రి భార్య ఒక గంప నా ముందుకు జరిపింది. అందులో ఆ నేల మట్టి లేదు. చేను గుంతలోని నల్లటి ఎరువు.

"ఇదే వేయమన్నాడు సామీ. మీరూ ఒక పిడికెడు వేయండి."

ముంచి వేశాను. "పోయిరా మేస్త్రన్నా" అన్నాను. అన్నా అని ఆయన్ను పిలవడం అదే మొదలు, అదే కడ.

ఇంటికి వచ్చేసరికి మైల స్నానానికి నా భార్య పెరట్లో నీళ్లు పెట్టి ఉంచింది. చెంబు ఎత్తబోయి ఆగాను. కుడిచేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కుళ్లు లేదు, కంపు లేదు. తొలకరి పడిన సాయంత్రం చేను మీదుగా వచ్చే వాసన, అదే.

"నీళ్లు చల్లారిపోతాండాయి, పోసుకోండి బేగా" అని ఆమె లోపలి నుంచి పిలుస్తోంది. "వస్తాండా" అంటూనే ఆ చేయి అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.