మరక పడని తెల్ల గౌను

మా చిన్నప్పుడు... హోలీ రోజు పొద్దున మా క్వార్టర్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. బాపు బొగ్గుబాయిలో నైట్ షిఫ్ట్ దిగి వచ్చి లోపలి గదిలో పడుకునేవాడు. బయట కట్టెల పొయ్యి మీద పెద్ద గంజులో మోదుగ పూలు ఉడుకుతుండేవి. అమ్మ అందులో చిటికెడు సున్నం వేసేది. నీళ్లు నారింజ రంగుకు తిరిగేవి. తమ్ముడూ నేనూ గడప దగ్గర నిలబడి, బాపు ఎప్పుడు లేస్తాడా అని తొంగి చూసేవాళ్లం...

మేమిద్దరమే కాదు. మా లైన్లో సగం ఇళ్లలో అదే కథ. ఎవరో ఒకరి నాన్న నిద్రపోతూ ఉండేవాడు. అందుకే మా దగ్గర హోలీ రెండుసార్లు జరిగేది. పొద్దున ఒకసారి... నైట్ షిఫ్ట్ నాన్నలు లేచాక మళ్లీ ఒకసారి.

ఇప్పుడు నేను గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. నాకూ నైట్ డ్యూటీలే. మా ఆయనకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డ్యూటీ, హోలీకి కూడా సెలవు దొరకలేదు. మా పాప మిన్నుకు ఏడేళ్లు, బాబు చింటుకు నాలుగు. బాపు మాతోనే ఉంటాడు.

ఈసారి హోలీకి మోదుగ రంగే చేద్దామని పిల్లలకు నేనే ఆశ పెట్టాను. ముందురోజు స్కూటీ మీద రామగిరి వైపు తీసుకెళ్లి పూలు ఏరించాను. చింటు రాలిన పూలన్నీ చొక్కా జేబులో కుక్కుకున్నాడు. "పొద్దుగాల్నే వస్త. వచ్చినంక ఉడకబెడుదాం" అని చెప్పి డ్యూటీకి వెళ్లాను.

పొద్దున నా తర్వాత డ్యూటీకి రావలసిన అమ్మాయి రాలేదు. ఆమెకూ పిల్లలున్నారు... ఆమె ఇంట్లోనూ హోలీయే. వార్డు వదిలి ఎలా వస్తాను? మిన్ను ఫోన్ చేసినప్పుడల్లా "అరగంటల వస్త బిడ్డా" అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు.

ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. వాడంతా పచ్చ, గులాబి రంగుల మడుగులు. పాటల డబ్బా ఆగిపోయింది. పిల్లలందరూ స్నానాలు చేసి లోపలికి వెళ్లిపోయారు.

మా మెట్ల మీద మిన్ను కూర్చుని ఉంది. ఒళ్లో ఖాళీ బకీటు. రంగులు బాగా కనబడాలని పొద్దున్నే వేసుకున్న తెల్ల గౌను... దాని మీద ఒక్క మరక లేదు.

అంత తెల్లదనాన్ని నేను చూడలేకపోయాను.

"ఆడుకోలేదా బిడ్డా?"

"నువ్వు వస్తనంటివి గదా మమ్మీ."

వెనక నుంచి చింటు అరిచాడు. "అక్క నన్ను గూడ ఆడనియ్యలే!"

బాపు గుమ్మంలోకి వచ్చాడు. "నేను ఉడకబెడుత రా అంటే వద్దన్నది. మమ్మీ వచ్చినంకనే అని గట్లనే కూసున్నది."

నేను చెప్పులు విప్పకుండానే మెట్ల మీద కూలబడ్డాను. "పిల్లల పండుగ ఖరాబు చేసిన బాపూ..."

బాపు వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నేను మాత్రం చెయ్యలేదా బిడ్డా? మీరిద్దరు గడప కాడ నిలబడి గుసగుసలాడుతుంటే నాకు నిద్ర యాడ పట్టేది? కండ్లు మూసుకొని పండేటోన్ని. లేద్దామంటే పానం సహకరించకపోయేది."

నేను ఆయన వైపు చూశాను. ఇన్నేళ్లూ బాపు హాయిగా నిద్రపోయాడనే అనుకున్నాను.

"మరి ఇప్పుడేం చెయ్యాలె?"

"ఏం జేస్తవ్... పొయ్యి ముట్టియ్యి. పూలున్నయి గదా."

పూలు కవర్లో వాడిపోయి నల్లబడ్డాయి. ఇంట్లో సున్నం లేదు. ఎంత ఉడికినా రంగు దిగలేదు. చింటు అందులో ఎప్పుడు వేశాడో, పసుపు డబ్బా సగం ఖాళీ. చివరికి గంజులో తేలింది... అచ్చంగా పప్పుచారు రంగు!

మొదటి చెంబు మిన్ను నా మీదే పోసింది. యూనిఫాం మీద, జడ మీద... గట్టిగా పోసింది. పొద్దుటి కోపమంతా అందులో ఉంది. నేను కదలకుండా నిలబడ్డాను. ఆ తర్వాతే దానికి నవ్వొచ్చింది.

"మమ్మీ పప్పుచారయింది!" అని చింటు గెంతాడు. వాడు తాత బనియను తడిపాడు, తాత వాడి నెత్తి తడిపాడు. తెల్ల గౌను పసుపుపచ్చగా అయ్యేదాకా పోసుకున్నాం. పక్కింటి లక్ష్మక్క గోడ మీదుగా చూసి, "ఏందే, అందరు కడుక్కున్నంక మీరు మొదలువెట్టిన్రా!" అని నవ్వింది. ఆమె కూతురు పింకీ ఉరికి రాబోతే, "తానం జేసినవ్, పో లోపలికి" అని రెక్క పట్టి లాక్కుపోయింది.

మా చిన్నప్పుడైతే లైనంతా మాతోపాటు మళ్లీ ఆడేది. మిన్ను ఒక్కతే ఆగింది... ఆ మాట మాత్రం ఎంత నవ్వినా నా గుండెలోంచి పోలేదు.

మరునాడు వంటింట్లో ఉన్నాను. బయట పింకీ అడుగుతోంది. "మీరు హోలీ గంత ఆలస్యం ఎందుకు ఆడిన్రే?"

మిన్ను గొప్పగా చెప్పింది. "మా ఇంట్ల హోలీ గట్లనే అయితది. మమ్మీ డ్యూటీ దిగినంక. వచ్చేసారి నువ్వు గూడ ఆగు, మస్తుంటది."

నేను స్టవ్ ఆపేసి గుమ్మం దాకా వచ్చాను. నా ఆలస్యాన్ని నా బిడ్డ మా ఇంటి ఆచారం అనుకుంటోంది... దాన్ని దగ్గరకు తీసుకుని కాదని ఎలా చెప్పను? అవునని మాత్రం ఎలా చెప్పను?

ఒకరి కోసం వాడంతా మళ్లీ ఆడే పండుగలు ఇప్పుడు ఎక్కడైనా ఉన్నాయా? డ్యూటీ దిగాకే పండుగ మొదలైన ఇల్లు మీదీ అయితే, ఆ రోజు గురించి ఇక్కడ రాయండి... మిన్నుకు చదివి వినిపిస్తాను.