గుమ్మం బాబాయ్ చేసిన సాయం

యూనివర్సిటీలోని మెదడు జబ్బుల విభాగంలో ప్రొఫెసర్లు మారారు, యంత్రాలు మారాయి, గోడల రంగు మూడుసార్లు మారింది. మారనిది ఒక్క అటెండరే. నడక పరీక్షలు చేసే హాలు గుమ్మం దగ్గర పంతొమ్మిదేళ్లుగా ఆయనే. అందుకే పిల్ల డాక్టర్ల నుంచి పేషెంట్ల దాకా అందరికీ ఆయన గుమ్మం బాబాయ్. అసలు పేరు గుర్తింపు కార్డు మీద ఉంటుంది గానీ, ఆ కార్డు ఆయన జేబు దాటి బయటికి రాదు.

పార్కిన్సన్స్ జబ్బున్న కొందరికి నడుస్తూ నడుస్తూనే కాళ్లు నేలకి అతుక్కుపోతాయి. గుమ్మాల దగ్గర మరీను. బాబాయ్ దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఒకసారి ఒక పెద్దాయన గుమ్మంలో బిగుసుకుపోయినప్పుడు, బాబాయ్ చేతిలోని చీపురు జారి ఆయన కాళ్ల ముందు పడింది. పెద్దాయన చీపురు దాటుకుని చక్కా లోపలికి వెళ్లిపోయాడు. ఆనాటి నుంచి ఎవరు ఆగినా బాబాయ్ తన బూటు అడ్డంగా పెట్టి, "ఊఁ, దాటెయ్యండి!" అనేవాడు. దాటేసేవారు. ఈ సంగతి డాక్టర్లతో చెప్పలేదు. చెప్పుకోవాల్సినంత పని అని ఆయన అనుకుంటే కదా!

ఆ ఏడు అలా కాళ్లు అతుక్కుపోయేవాళ్ల కోసం కొత్త చికిత్స ప్రయోగం మొదలైంది. రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ ఎంతో ఆశతో వచ్చింది. షరతు ఒక్కటే. కాళ్లు ఆగిపోవడం డాక్టర్లు కళ్లారా చూడాలి. మూడు పరీక్షల్లోనూ కనిపించకపోతే పేరు కొట్టేస్తారు. మొదటి రెండుసార్లూ ఆవిడ హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి గబగబా నడిచేసింది.

"ఇంట్లో వంటగది గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడిపోతానో మేడమ్! అబద్ధం ఆడతానా?" అంది, కన్నీళ్లు ఆపుకుంటూ.

"అబద్ధమని కాదమ్మా. నేను చూడనిది రాయలేను," అంది ప్రయోగం నడిపే ప్రొఫెసరమ్మ.

గుమ్మంలో నిలబడి విన్న బాబాయ్‌కి అప్పుడు తట్టింది. రెండుసార్లూ ఆవిడ తన గుమ్మంలోనే ఆగింది. రెండుసార్లూ తన బూటే దాటించింది. డాక్టర్లేమో లోపల గడియారాలు పట్టుకుని కూర్చున్నారు!

తిన్నగా ప్రొఫెసరమ్మ గదికి వెళ్లి జరిగింది చెప్పాడు. ఆవిడ ఏదో తొందరలో ఉండి, "చూద్దాం బాబాయ్" అంది. ఆ 'చూద్దాం' అంటే ఏమిటో పంతొమ్మిదేళ్ల సర్వీసున్న మనిషికి తెలియదా? మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. నాలుగోనాడు ఒక కుర్చీ మోసుకొచ్చి, హాలు బయట గుమ్మానికి ఎదురుగా వేశాడు.

"మూడో పరీక్షకి మీరిక్కడ కూచోండి మేడమ్. కుదరదంటే నన్నీ గుమ్మం నుంచి తీసెయ్యండి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి ఒప్పుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. టీచరమ్మ కాళ్లు గుమ్మం దగ్గర ఆగిపోయాయి. మడమలు లేస్తున్నాయి, వేళ్లు మాత్రం నేలని వదలడం లేదు. బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని, ఆవిడ తూలితే పట్టుకునేంత దగ్గరలో నిలబడ్డాడు.

"బాబాయ్, కాస్త కాలు అడ్డం పెట్టవయ్యా."

ఆయన బూటు కదపలేదు. ఇంతమందిలో తనని ఇలా నిలబెట్టేశాడే అని ఆవిడకి ఏడుపొచ్చింది. బాబాయ్ ప్రాణం విలవిల్లాడిపోయింది. అయినా పళ్లు బిగించి అలాగే ఉన్నాడు.

"యాభై రెండు సెకన్లు! చాలు బాబాయ్, చాలు!" అంటూ ప్రొఫెసరమ్మ కుర్చీలోంచి లేచింది. అప్పుడు పెట్టాడు బూటు. టీచరమ్మ దాటింది.

ఆవిడ పేరు ప్రయోగంలో రాసుకున్నారు. సంతకం పెట్టి బయటికొచ్చి, "ఇన్నాళ్లూ నా మాట నమ్మినవాడివి నువ్వొక్కడివేనయ్యా," అంది బాబాయ్‌తో.

బాబాయ్ తలెత్తలేకపోయాడు. "నమ్మి ఏం లాభం టీచరమ్మా? మీ జబ్బు డాక్టర్ల కంట పడకుండా చేసింది నేనే. మీకంటే ముందొచ్చి, ఇలాగే నా బూటు దాటి, పేరు కొట్టేయించుకుని వెళ్లిపోయినవాళ్లు నలుగురున్నారు."

ఆ నలుగురి ఫోన్ నంబర్లూ రాసిన కాగితం పట్టుకుని, ఆయన ప్రొఫెసరమ్మ గది వైపు నడిచాడు.