చెవుల్లో చెక్కభజన, వెనకాల ర్యాలీ

ముప్పై ఏళ్ళు సైకిలుకు చీరల మూట కట్టుకొని ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఊర్లలో అమ్మాను. ఫ్యాక్షన్ రోజులవి. రెండు పార్టీల ఇండ్లలోనూ నా చీరలు కొనేవాళ్ళు కాబట్టి నేను ఏ పార్టీ కాదు. అయినా ఒకసారి ఒకరింట్లో మజ్జిగ తాగానని, అవతలి పార్టీలో ఉన్న మా బావ రెండేళ్ళు నన్ను గడప తొక్కనీయలేదు. రోడ్డు మీద ముందుకు తొక్కుతూ వెనక్కి వినడం అప్పటి అలవాటు. జీపు శబ్దమైతే సైకిలుతో సహా చేలోకి దిగేవాణ్ణి. మొన్న కోడలు ఇయర్‌బడ్స్ కొనిచ్చింది. ఒక్కసారైనా వెనక్కి వినకుండా, పాట వింటూ ఆ దారి తొక్కాలనిపించింది. జమ్మలమడుగులో అక్కాబావల ఇంట్లో భోజనం అనుకొని బయలుదేరాను.

పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరు దాటాను. నిదానంగా తొక్కితే రెండు గంటల పైన పడుతుంది. దారిలో ఒక బండి దగ్గర ముప్పై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిన్నాను. "ఏంది తాతా, ఒక్కడివే నవ్వుకుంటాండావు?" అంది వడ్డించే ఆమె. చెవి చూపించాను. "ఎవురు మాట్లాడతాండేది? అవ్వకు తెలుసునా?" అంది.

జమ్మలమడుగు చేరేసరికి తొమ్మిదయింది. చెవుల్లో చెక్కభజన, డప్పు ఒకటే జోరు. అంగళ్ళ ముందర జనం లేచి దండాలు పెడుతున్నారు. చీరల మనిషిని ఇంకా మరవలేదే అని సిగ్గుపడుతూ నేనూ దండం పెట్టాను. మీద పూలు కూడా పడ్డాయి. అంతలో టీ అంగడి ముందు బావ రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. బడ్స్ తీశాను. డప్పు ఆగలేదు. తిరిగి చూస్తే జెండాలు, బైకులు, జీపు. ఎన్నికల ర్యాలీ, అదీ బావకు పడని పార్టీది.

"ఏం బామ్మర్దీ, ఎప్పుడు చేరితివి?"

"యాడ చేరినా బావా? నాకు ఇనపడల్యా."

జీపు డ్రైవరు తల బయటపెట్టాడు. "ఓ పెద్దాయనా, ఊరి మొదట్నుంచి హారన్ కొడతానే ఉండా! పోనీలే, మా నాయకునికన్నా నీకే శానా దండాలు పడినాయి!"

బైకుల మీదివాళ్ళు పగలబడి నవ్వారు. బావ నవ్వలేదు. మళ్ళీ గడప మూసేస్తాడేమో అనుకున్నాను. నా చేతిలోని బడ్ తీసి చెవిలో పెట్టుకున్నాడు. వయసులో ఇద్దరం చేతుల్లో చెక్కలు వాయిస్తూ, అడుగులేస్తూ కలిసి ఆడిన భజనే. కాసేపటికి ఆయన కుడికాలు అడుగు వేయడం మొదలుపెట్టింది. ర్యాలీ దాటిపోయాక గాని బడ్ తీయలేదు.

"ఎల్లుండి మాది ర్యాలీ ఉండాది. దానికీ నువ్వే ముందర తొక్కాల. చెల్లుకు చెల్లు. పా, మీ అక్క సంగటి కెలికింటాది."

ఆ రోజుల్లో చెల్లుకు చెల్లంటే తలకు తల. ఆ మాట వినబడితే ఊర్లో తలుపులు పడేవి. అదే మాట అదే మనిషి నోట విని, నడిరోడ్డు మీద నాకు నవ్వొచ్చింది. కండ్లు కూడా తడిశాయి.

సైకిలు మీద పోయేవాళ్ళకు ఒక్క మాట. బడ్ ఎడమ చెవిలోనే పెట్టుకోండి. బండ్లు దాటేది కుడివైపు, ఆ చెవి రోడ్డుకు వదిలేయండి. బావ ర్యాలీలో నేను అట్లే తొక్కాను. ఈసారి హారన్ బాగా వినబడింది. అయినా పక్కకు జరగలేదు.