చక్కెర నీళ్లు తాగని ఈగలు

నాకంటే పదిహేనేళ్లు చిన్నదైన ఒక ఉద్యోగిని చూసి నేను ఓర్వలేకపోయాను. ఆమె కర్నూలు నుంచి బదిలీ మీద మైదుకూరు దగ్గరి మా చిన్న వ్యవసాయ కార్యాలయానికి వచ్చింది. పురుగుల్ని గుర్తుపట్టడం అప్పటిదాకా అక్కడ నా ఒక్కడి పని. రైతులు పాడైన కాయ తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు, నేను భూతద్దం తీసేవాణ్ణి. ఆమె వచ్చిన ఆరు నెలలకే గుమ్మంలో నిలబడి, "మేడమ్ ల్యాదా సార్?" అని అడగడం మొదలుపెట్టారు. పొలాలకు పోయింది, కూర్చోండి అనేవాణ్ణి. కూర్చునేవాళ్లు, నా ఎదురుగానే, ఆమె కోసం.

ఎండాకాలం మొదట్లో ఒక కాకర రైతు వచ్చాడు. ఎకరం పందిరి, అప్పుడే కోతకొచ్చింది. కాయ చీల్చితే లోపల తెల్లటి పురుగులు. పండు ఈగ పని అని చూడగానే తెలిసింది. ఏ జాతి ఈగ అన్నదే తేలాలి. పక్కనే మామిడి తోట ఉందన్నాడు కాబట్టి మామిడి ఈగే అని చెప్పేసి, దాని ఎర డబ్బాలు కట్టించాను. వారానికి డబ్బాలు ఈగలతో నిండాయి. ఆమె వినేలా ఆ మాట ఆఫీసులో రెండుసార్లు చెప్పాను.

రైతు మళ్లీ వచ్చాడు.

"ఏం సార్ ఇది? డబ్బాలో ఈగలు సస్తానే ఉండాయి, పందిట్లో కాయలు కుళ్లుతానే ఉండాయి."

"కొంచెం ఓపిక పట్టప్పా."

"నేను పడతా సార్. కాకరకాయ పడతాదా?"

ఆమె తలెత్తింది. "డబ్బాలో పడేవి పక్క తోట ఈగలు సార్. ఆ ఎర వాసనకు కాకర ఈగ రాదు. కాయల్లో పురుగుల్నే పెంచి చూద్దాం."

రైతు ఎదుటే ఆ మాట అంది. నా చెవులు వేడెక్కాయి.

జాతి పేరు రాసి పంపితేనే జిల్లా ఆఫీసు నుంచి వేరే ఎర వస్తుంది. అందుకని ఆమె గాజు సీసాలో ఇసుక పోసి, పుచ్చిన కాకరకాయలు పెట్టి, మూతికి గుడ్డ కట్టింది. పురుగులు ఇసుకలోకి దిగి గింజల్లా ముడుచుకున్నాయి. ఒక ఆదివారం నేను ఏదో ఫైలు కోసం వెళ్లేసరికి గుడ్డ కింద ఈగలు తిరుగుతున్నాయి.

కొత్తగా పుట్టిన ఈగకు రంగు తేలదు. నాలుగు రోజులు చక్కెర నీళ్లు పెట్టి బతికిస్తేనే వీపు మీద పసుపు చారలు కనబడతాయి. మామిడి ఈగకు రెండు, కాకర ఈగకు నడుమ మూడోది. ముందే చంపితే ఏది ఏదో చెప్పలేం. అది ఆమెకు నేర్పింది నేనే. ఆ మూడో చార ఆమె కంట పడుతుందేమోనన్న భయంతో దూదిని స్పిరిట్‌లో ముంచి సీసాలో వేశాను. నిమిషంలో అన్నీ రాలిపోయాయి.

"ఎవరు చంపినారు సార్?" అంది సోమవారం.

"ఎగిరిపోతాయేమోనని నేనే…"

ఆమె బండి తీసి మళ్లీ కాయల కోసం పోయింది. ఇంకో రెండు వారాలు పట్టింది. మూడో చార తేలింది.

కొత్త ఎర కట్టడానికి ఇద్దరం వెళ్లేసరికి ఆ రైతు సగం పందిరి పీకేసి ఉన్నాడు. "ఆలస్యమైనా కనుక్కుంటిరి సార్. ఎంతైనా పెద్దోళ్లు," అన్నాడు నాతో. ఆమె తీగకు డబ్బా కడుతూనే ఉంది. ఆ మెప్పు ఒక్క క్షణం తియ్యగానే అనిపించింది. అదే నన్ను భయపెట్టింది.

"కనుక్కునింది మేడమ్ అప్పా. రెండు వారాల ముందే తెలిసేది. ఈగల్ని నేను కావాలనే చంపినా."

"కావాలనా? ఎందుకు సార్?"

"ఆమె మాట నిజమైతాదని."

ఆయన పీకేసిన తీగల వైపు చూశాడు. "మీ ఇద్దరి నడుమ నా చేను ఉండాది కదా సార్," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నువ్వు కట్టమ్మా," అన్నాడు.

నేను వంగి రాలిన పుచ్చిన కాయలు ఏరసాగాను. వాటిని లోతుగా పూడ్చకపోతే మళ్లీ ఈగలు లేస్తాయి. వద్దని ఆయన అనలేదు. బుట్ట మాత్రం ఇవ్వలేదు.