దీపాల పడవ

ఈ వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా అక్క కూతురు. కోకాపేటలో దాని ఆఫీసు. శనివారాలు నా దగ్గరికొచ్చి భోంచేసి వెళ్తుంది. మొన్న చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "పిన్నీ, ఎక్కడో చలిదేశంలో జనాల పడవ తగలబడిందంట. మంటకు భయపడి నీళ్లలోకి దూకినవాళ్లలో చానామంది చలికే పోయారంట" అంది. చేతిలో ఫోనుంది గాని దానివంక చూడటం లేదు, నా కుడి అరచేతి వంక చూస్తోంది. పప్పుకి తిరగమోత పెట్టబోతున్నదాన్ని స్టవ్ కట్టేసి కూర్చున్నాను. మా ఇద్దరి మధ్య ఆ మాట రాక పాతికేళ్లు దాటింది.

తొంభైల చివర మేం కడప వైపు నుంచి వచ్చి కొత్తగూడలో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న భవనాలకు అద్దాలు బిగించే పని మా ఆయనది. మిగతా అంతా బండరాళ్లూ సీతాఫలం చెట్లూ. ఇంటి యజమానురాలిని ఊరంతా అవ్వ అనేది, మేమూ అవ్వే అన్నాం. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. అక్షరాలు మా నాన్న ఇంట్లోనే దిద్దించాడు, పూజలూ వ్రతాలూ మా అమ్మ నేర్పింది, తక్కిన చదువంతా ఈ అవ్వ దగ్గరే అయింది. కార్తీకం వచ్చిందంటే తెల్లవారకముందే నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించేది. ఒళ్లు జివ్వుమని, ఊపిరి ఎగతన్ని, నోరు దానంతటదే తెరుచుకునేది. "నోరు మూస్కో బిడ్డా! సల్లనీళ్లు పడంగనే ఎగిసే ఊపిరి నీళ్లది, నీది కాదు. జర ఓపిక పట్టు, నీది నీకొస్తది" అనేది. "మరి శివశివా అనొద్దా అవ్వా?" అంటే, "మనసుల అనుకో. దేవునికేమన్న చెవుడా?" అని ఇంకో చెంబు పోసేది.

ఆ ఏడు, దగ్గర్లోనే కాపురమున్న అక్క రెండో కాన్పుకని పుట్టింటికి పోతూ, బడి పోతుందని ఆరేళ్ల ఈ పిల్లను నా దగ్గర వదిలింది. బస్సెక్కుతూ "నీ చేతిలో పెట్టి పోతున్నానే" అని ఒక్క మాటంది. ఆ మాట నాకు బరువుగానే ఉండేది, దీన్ని వెంటేసుకోకుండా వీధి మలుపు కూడా దాటేదాన్ని కాదు. కార్తీకం చివరి సోమవారం మా వీధి ఆడవాళ్లంతా మాదాపూర్ పక్కనున్న చెరువు మధ్యలో దీపాలు వదలాలనుకున్నారు. పగలు సరదాకి వచ్చేవాళ్లను తిప్పే ఇంజను పడవ ఒకటి, రాళ్ల మధ్యనున్న ఆ చెరువులో ఉండేది. తూర్పు తెల్లబడుతుండగా ఎక్కాం. పిల్లకు స్వెట్టరూ మంకీ క్యాపూ తొడిగి ఒళ్లో పెట్టుకున్నాను.

గాలికి ఒక్క దీపమూ నిలవలేదు. అవ్వ అటూ ఇటూ చూసి, ఇంజను పెట్టె చాటున గాలి తగలడం లేదు, అక్కడ వెలిగించమంది. "అవ్వా, ఆడ పెట్రోలు డబ్బా ఉంది, ముంగట వెట్టుండ్రి" అన్నాడు పడవ నడిపేవాడు. "ముంగట గాలికి నిలుస్తయా? కార్తీక దీపం ఎవలి కొంపన్న కాలుస్తదారా?" అంది అవ్వ. అందరం నవ్వాం. నవ్వు ఆగకముందే బుస్సుమంది. పలకల సందుల్లో కారిన నూనె వెంట మంట పాకింది. అతను బక్కెటుతో నీళ్లు చల్లితే మంట ఆ నీళ్లమీదే తేలుకుంటూ మా కాళ్ల దగ్గరికొచ్చింది. అందరం ఒకే పక్కకు తోసుకున్నాం, పడవ ఒరిగింది. ఒడ్డు కళ్లెదుటే ఉంది. కింద నల్లటి నీళ్లు. ఒక్కరూ దిగలేదు.

అవ్వ లేచి నిలబడి తన చీర లాగి పారేసింది. "చీరలిప్పుండ్రి! కాళ్లకు సుట్టుకుంటే రాయోలె మునుగుతరు!"

"అయ్యో అవ్వా, గాయన ఉన్నడు గదా!" అందొకామె, పడవ నడిపేవాణ్ణి చూపించి.

"ఆయన సంగతి తర్వాత, ముందుగాల నువ్వు బతుకు! సిగ్గు ఒడ్డెక్కినంక పడుండ్రి!"

పడవ పక్కలకు కట్టిన టైరు ట్యూబులు ఊడబీకి నీళ్లలోకి విసిరింది. దూకొద్దు, అంచు పట్టుకుని జారమంది. నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, "పిల్ల నోరూ ముక్కూ నీ చేత్తో మూయి. ఏడ్చినా ఇడువకు" అంది.

జారాను. ఆ చలి చెప్పడానికి నాకు మాట లేదు. ఎవరో రొమ్ములో గుద్దినట్టయి నోరు తెరుచుకోబోయింది. బావిగట్టు గుర్తొచ్చింది, పళ్లు బిగించాను. నా అరచేతి కింద పిల్ల గింజుకుంటోంది, ఆ చెయ్యి కొరికింది. వదల్లేదు. తల పైకి తేలాక ముక్కు వదిలాను, నోరు మాత్రం అది ఎగశ్వాస మాని మామూలుగా పీల్చేదాకా వదల్లేదు. శివశివా అని మనసులోనే. ట్యూబు పట్టుకున్న ఎడమచేతి వేళ్లు మెల్లగా మొద్దుబారుతున్నాయి. అవి పట్టుకునే ఉన్నాయో జారిపోతున్నాయో కళ్లతో చూస్తే తప్ప తెలియలేదు.

భవనం పనికొచ్చిన కూలి ఆడవాళ్లు పొగ చూసి పరుగెత్తుకొచ్చి మమ్మల్ని లాగి గోనెసంచులు చుట్టారు. వాళ్ల కడుపులు చల్లగా ఉండాలి. దేవుడి దయవల్ల అందరం ఒడ్డెక్కాం. అందరికన్నా చివర, జుట్టు సగం కమిలి, పడవ అతని భుజం పట్టుకుని వచ్చింది అవ్వ. గోనెల్లో ముడుచుకున్న మమ్మల్ని చూసి, పళ్లు టకటకలాడుతుండగా, "ఇగ పడుండ్రి సిగ్గు" అంది.

ఆ చలి అవ్వ రొమ్ములోంచి పోలేదు. దవాఖానలో దగ్గుతూ, "దీపాలు గాడ పెట్టుమన్నది నేనే బిడ్డా" అనేది. "నోరు మూయమన్నదీ నువ్వేగా అవ్వా" అనేదాన్ని. శివరాత్రి చూడకుండానే వెళ్లిపోయింది.

పిల్ల మాత్రం అక్క రాగానే, "పిన్ని నన్ను నీళ్లలో ముంచి చంపబోయింది" అని చెప్పింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కాని తరవాత ఏళ్ల తరబడి జడ వేస్తున్నప్పుడు నా చెయ్యి మొహం దగ్గరికి వస్తే చాలు, తల వెనక్కి లాక్కునేది.

మొన్న చెప్పులు విప్పి వచ్చి నా పక్కన కూర్చుంది. "చల్లనీళ్లలో పడగానే నోరు దానంతటదే తెరుచుకుంటుందంట పిన్నీ. ఆ మొదటి ఊపిరికే నీళ్లు లోపలికి పోతాయంట" అంది. నా కుడిచెయ్యి తీసుకుని, తన పళ్ల గుర్తున్న చోటే నోటికి ఆనించుకుని, అలాగే ఉండిపోయింది.

చెయ్యి నాదే, దానికి బుద్ధి చెప్పింది అవ్వ. చదివేవాళ్లను ఒకటి అడుగుతాను. కార్తీకంలో మొదటి చెంబు నెత్తిన పోసుకునేటప్పుడు, నోరు మూసుకుని, మనసులో ఒక్కసారి ఆ అవ్వను తలుచుకోండి. ఊపిరి తిరిగి మనదయ్యేందుకు పట్టే ఆ కాసేపట్లోనే, ఈ పిల్లకు నా చెయ్యి అర్థమయ్యేదాకా ఆగిన నా పాతికేళ్లూ ఉన్నాయి.